సులోచనములు: అవి చేయగల పని, చేయజాలని పని



నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. అయినను మా గ్రామమునందలి వృద్ధులను, పిల్లలను దృష్టిపరీక్షకు వెంటబెట్టుకొని పోవుట కొన్నియేండ్లుగా నాకు వ్రతమువలె అలవడినది. అచ్చటి ఆప్టొమెట్రిస్టు, అనగా కంటిచూపును కొలిచి తగిన అద్దమును నిర్ణయించు పరీక్షకుడు, మిక్కిలి ఓర్పుగలవాడు. అడిగిన ప్రశ్నకెల్ల సమాధానము చెప్పుచుండును. ఆయనయొద్ద నేర్చినదానిని మీకు విన్నవింపవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

పెద్దలగు మీకే యేల చెప్పవలెనందురేమో. గ్రామములో ఒకరికి చూపు మందగించినప్పుడు వారు మొదట అడుగునది వైద్యుని గాదు, అరుగుమీది పెద్దలను. "వయస్సు వచ్చినది, అంతియే" యని మీరన్నచో ఆ మాట అంతటితో ముగియును. "రేపే పోయి చూపించుకొనుము" అన్నచో ఒక కన్ను దక్కవచ్చును. కావున మీ నోటిమాటకు మందుతో సమానమైన బలము కలదు.

సులోచనములు మూడు పనులకై యేర్పడినవి. చూపును సరిదిద్దుట మొదటిది. ఎండనుండి కాపాడుట రెండవది. దెబ్బనుండి కాపాడుట మూడవది. వీనిలో ఒకదాని పనిని మరియొకటి చక్కగా చేయజాలదు. ఇక రోగమును మాన్పుట యనునది ఈ మూటిలో దేనికిని చేతగాదు. ఈ భేదము నెరుగక పోవుటచేతనే పెక్కుమంది డబ్బును, కొందరు చూపును పోగొట్టుకొనుచున్నారు.

మొదట చూపు సంగతి చెప్పెదను. కంటిలోనికి వచ్చు వెలుగు నల్లగ్రుడ్డుమీది స్వచ్ఛమైన పొరయందును, పిదప లోపలి కటకమునందును వంగి, వెనుకనున్న నేత్రపటలముమీద ఒకచోట కూడవలెను. అట్లు కూడిననే వస్తువు స్పష్టముగా కనబడును. కనుగ్రుడ్డు నిడుపైనచో వెలుగు పటలమునకు ముందే కూడును. అట్టివానికి దగ్గరి అక్షరము కనబడునుగాని దూరపు మనిషి మసకగా తోచును. ఇది హ్రస్వదృష్టి. గ్రుడ్డు పొట్టిదైనచో వెలుగు పటలమునకు వెనుక కూడవలసివచ్చును. ఇది దీర్ఘదృష్టి. పైపొర వంపు అన్నివైపుల సమానముగా లేనిచో కొన్ని గీతలు తేటగాను, కొన్ని అలికినట్లును కనబడును. దీనికి సిలిండరు అద్దము కావలెను.

నలువదియేండ్లు దాటినవారికి వచ్చు చత్వారము వేరు. సంస్కృతమున నలువదికి చత్వారింశత్ అని పేరు. ఆ మాటనుండియే చత్వారమను పేరు వచ్చినదని చెప్పుదురు. పడుచుదనములో కంటిలోని కటకము మెత్తగానుండి, దగ్గరి వస్తువును చూచునప్పుడు ఉబ్బును. వయస్సుతో అది బిరుసెక్కి ఉబ్బజాలదు. అందుచే సూదిలో దారము ఎక్కించువారు చేయి చాచుదురు; పంచాంగము చదువువారు పుస్తకమును దూరముగా పట్టుకొందురు. ఇది రోగము కాదు. తల నెరయుటవలె అందరికిని వచ్చునది.

అద్దపు శక్తిని డయాప్టరులతో కొలుతురు. ఒక మీటరు దూరమున వెలుగును కూర్చు అద్దము 1 డయాప్టరు. అరమీటరున కూర్చునది 2. మనవారు నెంబరు అనునది ఇదియే. చత్వారపు నెంబరు నలువదియైదేండ్ల ప్రాయమున సుమారు 1 మొదలుకొని, అరువదేండ్లకు 2 లేక 2.50 వరకు పెరుగును. "అద్దము పెట్టిన నెంబరు పెరుగును, కావున పెట్టరాదు" అను మాట మన గ్రామములలో తరచుగా వినబడును. పెరుగుట కటకము బిరుసెక్కుటవలననే కాని అద్దమువలన కాదు. పెట్టుకొననివానికిని పెరుగును, అతడు చూడకుండ ఉండుటయే భేదము.

ఈ అద్దములు నేటివి కావు. ఇటలీ దేశమున 13వ శతాబ్దము చివరిభాగమున పుట్టినవి. 1306లో ఫ్లారెన్సు నగరమున జొర్దానో అను క్రైస్తవ సన్న్యాసి, ఈ విద్య కనుగొనబడి ఇంకను ఇరువదేండ్లు నిండలేదని తన ప్రసంగములో పలికెను. అవి కంటికెట్లు సాయపడునో 1604లో కెప్లరను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు గ్రంథములో వివరించెను. నడుమ మూడువందల యేండ్లు జనులు కారణమెరుగకయే ఫలమనుభవించిరి.

చత్వారపు అద్దము చదువుకొన్నవారికే గాని కూలిచేయువారికి ఎందుకని కొందరందురు. అస్సాములో 2017లో తేయాకు కోయు 751 మంది కూలీలపై ఒక పరీక్ష జరిగెను. వారందరును నలువదేండ్లు దాటినవారే. సగముమందికి దగ్గరిచూపు అద్దములనిచ్చి, తక్కినవారికి పరీక్ష ముగిసినపిదప ఇచ్చిరి. అద్దములు ధరించినవారు, ధరించనివారికంటె దినమునకు 5 కిలోలకు పైగా, అనగా నూటికి 21.7 వంతున, ఎక్కువ ఆకు కోసిరని 2018లో ప్రకటించిరి. ఆకు కోయు చేతికే అద్దము ఇంత తోడ్పడినచో, మగ్గమునందు పోగు కలుపు నేతకానికి, బియ్యములో రాళ్లు ఏరు గృహిణికి, మందుసీసాపై గడువు తేదీని చదువవలసిన రైతునకు వేరుగా చెప్పవలయునా?

ఇక సంతలలో, జాతరలలో పరచి అమ్మెడు అద్దముల సంగతి. వానిని విషమని తిట్టనక్కరలేదు. రెండు కన్నులును సమానముగానుండి, కేవలము చత్వారము మాత్రమే యున్నవానికి అవి చదువుటకు పనికివచ్చును, కన్నును పాడుచేయవు. కాని రెండు కన్నుల నెంబరులు వేరైనచో, సిలిండరు కావలసినచో అవి చాలవు, తలనొప్పిని తెచ్చును. ఇంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. సంతలో కొన్నవానికి అక్షరము కనబడును గనుక పరీక్ష మానుకొనును. అద్దము మాటున రోగము దాగి పెరుగును.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున నేత్రరోగములు 76 అని లెక్కింపబడినవి. మన పూర్వులు సైతము చూపుమందమును ఒక్కటే వ్యాధిగా నెంచలేదు. మసక యొక్కటియే, దానికి కారణములు అనేకములు. అద్దముచే తీరు మసకయేదో, తీరనిదేదో తెలిసికొనుటకు దృష్టిపరీక్షకులు వాడు సులభోపాయమును మీకు చెప్పెదను. దీనికి పైసా ఖర్చు లేదు.

ఒక మందపు అట్టను తీసికొని దాని నడుమ సూదితో సుమారు మిల్లీమీటరు వెడల్పుగల బెజ్జము పొడువుడు. గోడకు తేదీల పటమును తగిలించి, వెలుతురు బాగుగానున్న వేళ ఇరువది అడుగుల దూరమున నిలువుడు. ఒక కన్నును అరచేతితో మూసి, రెండవ కంటితో మొదట ఊరకను, పిదప బెజ్జముగుండను చూడుడు. దూరపు అద్దములున్నవారు వానిని తీయకయే చూడవలెను. బెజ్జముగుండ చూచినప్పుడు అక్షరము తేటపడినచో, దోషము చాలవరకు వెలుగు వంగుటలోనిది. తగిన అద్దము దానిని దిద్దగలదు. తేటపడకున్నచో కటకము మసకబారుటయో, నేత్రపటలమునకో దృష్టినాడికో చెరుపు కలుగుటయో కారణము కావచ్చును. అట్టివారు అద్దముల దుకాణమునకు గాక నేత్రవైద్యునియొద్దకు పోవలెను. పిదప రెండవ కంటిని గూడ ఇట్లే పరీక్షింపుడు. రెండు కన్నులతో చూచు అలవాటుచే, ఒక కన్ను పూర్తిగా పోయినను ఎరుగనివారిని నేను చూచితిని.

ఈ బెజ్జపు పరీక్ష మొదటి జల్లెడ మాత్రమే. దీనిలో నెగ్గినంతమాత్రమున కన్ను నిర్దోషమని తలపరాదు. ఏలయన, నీటికాసులు అను వ్యాధి ఈ జల్లెడకు చిక్కదు. దీనిలో దృష్టినాడి కొంచెము కొంచెముగా చెడును. పెక్కుమందికి కంటిలోని ద్రవపు ఒత్తిడి అధికమగుట దీనికి కారణము. సాధారణముగా నొప్పి యుండదు, ఎరుపుండదు. ఎదుటి అక్షరము చక్కగా కనబడుచుండగనే ప్రక్కచూపు మాయమగును. ప్రక్కనుండి వచ్చు బండి కనబడక తగిలించుకొనువారు, గుమ్మమునకు భుజము కొట్టుకొనువారు దీనిని అనుమానింపవలెను. పోయిన చూపు మరల రాదు. మందులచేతను, చికిత్సచేతను మిగిలినదానిని నిలుపుకొనవచ్చును. రక్తసంబంధులలో ఒకరికున్నచో తోబుట్టువులు, బిడ్డలు తప్పక పరీక్ష చేయించుకొనవలెను.

శుక్లమునకు వేరొక వేషము కలదు. అరువదేండ్లు దాటినవాడు ఒకనాడు కండ్లజోడు లేకయే పత్రిక చదువసాగును. "తాతకు చూపు తిరిగివచ్చినది" అని ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కటకము నడిమిభాగము ముదిరి గట్టిపడుటచే వెలుగు అధికముగా వంగి, దగ్గరి అక్షరము కొన్నాళ్లు తేటపడును. అదే సమయమున దూరపుచూపు తగ్గును. ఇది చూపు తిరిగివచ్చుట గాదు, శుక్లము ముదురుచున్నదని చెప్పు గుర్తు. ఆరునెలలకొకసారి దూరపు అద్దము మార్చవలసివచ్చుచున్నను ఇట్లే అనుమానింపవలెను. శుక్లమునకు చుక్కల మందు లేదు, అద్దము లేదు, శస్త్రచికిత్సయే మార్గము. ఒకప్పుడు శుక్లము తీసినవారు సోడాబుడ్డి అద్దములు మోయవలసివచ్చెడిది. ఇప్పుడు చెడిన కటకము తీసి దాని స్థానమున కృత్రిమ కటకమును అమర్చుచున్నారు. కావున పాత భయము మానవలెను.

మధుమేహము గలవారికి నేత్రపటలమునందలి సన్నని రక్తనాళములు చెడవచ్చును. చూపు బాగుగానున్నను సంవత్సరమునకొకసారి, కంటిపాప పెద్దదగునట్లు చుక్కలు వేయించుకొని, పటలమును చూపించుకొనవలెను. రక్తములో చక్కెర హెచ్చుతగ్గులైనప్పుడు నెంబరు గూడ మారుచుండును. అట్టి సమయమున కొలిపించుకొన్న అద్దము మరునెలకు పనికిరాదు. చక్కెరను అదుపులోనికి తెచ్చుకొనిన పిదపనే కొలిపించుకొనుట మేలు.

అద్దము కావలెనని తేలినపిదప ఏది యెన్నుకొనవలెను? గాజు తొందరగా గీతలు పడదు. కాని బరువు, పగిలిన ముక్కలు ప్రమాదము. మామూలు ప్లాస్టికు తేలిక, గీతలు పడును. పాలికార్బొనేటు అనునది దెబ్బకు తట్టుకొనును. గీతలు పడకుండ పైపూత కావలెను. పిల్లలకును, రాపిడిపనులవారికిని ఇది తగినది. ఒంటికంటితో బ్రతుకువారు, నెంబరు లేకున్నను, దీనినే నిత్యము ధరింపవలెనని మా పరీక్షకుడు మరి మరి చెప్పును. మిగిలిన ఒక్క కంటికి మారుకన్ను లేదుగదా!

పైభాగమున దూరపుచూపును, క్రిందిభాగమున దగ్గరిచూపును అమర్చిన బైఫోకల్ అద్దము చదువువారికి సుఖమే. కాని దానితో మెట్లు దిగునప్పుడు, పొలముగట్టుమీద నడచునప్పుడు పాదముల చోటు క్రిందిభాగముగుండ కనబడి మసకబారును. గడ్డము వంచి పైభాగముతో చూడవలెను. తూలి పడు స్వభావముగల వృద్ధులకు నడకకొకటి, చదువుకొకటి వేరువేరు జోళ్లు ఉండుట క్షేమకరము. చట్రము ముక్కుమీద జారరాదు, చెవివెనుక ఒరయరాదు. పంచె చెరగుతో పొడి అద్దమును తుడిచినచో చెరగులోని ఇసుక గీతలు గీయును; ముందు నీటితో కడిగి పిదప మెత్తని బట్టతో అద్దవలెను.

ఇక చలువ అద్దములు. వీనిలో నలుపు ముఖ్యము కాదు. కంటికి హానిచేయు అతినీలలోహిత కిరణములు మనకు కనబడవు. వానిని ఆపు గుణము రంగులో లేదు, అద్దపు పదార్థమునందును పూతయందును కలదు. 400 నానోమీటరుల వరకు ఆపునదని, అనగా యు.వి. 400 అని, గుర్తుగల నిజమైన అద్దము లేతరంగుదైనను రక్షించును. ఆ గుణము లేని నల్లటద్దము చీకటి కల్పించి కంటిపాపను విప్పును. అట్లు విప్పిన ద్వారమున ఆ కిరణములు లోనికి పోవును. తలపాగాయో వెడల్పు అంచుగల టోపియో తోడైనచో ఇంకను మేలు. సంజచీకటిలోను, రాత్రి బండి నడపునప్పుడును వీనిని ధరింపరాదు.

చలువ అద్దము ఎంత మంచిదైనను దానితో సూర్యుని చూడరాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ హైదరాబాదు సమీపముననున్న జపాల్-రంగాపురము వేధశాల మీదుగా పోయెను. అట్టి దృశ్యమును చూడ కుతూహలము కలుగుట సహజమే. కాని మసిపూసిన గాజు, ఎక్స్‌రే ఫిలిము, పళ్లెములోని పసుపునీరు ఏవియు రక్షింపవు. నేత్రపటలమునకు నొప్పి తెలియదు. కాలుచున్నను మనకు తెలియదు. ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణమునకు సరిపడు గ్రహణపు అద్దమే తగినది. లేదా అట్టబెజ్జముగుండ గోడమీద పడు సూర్యబింబపు నీడను చూడవలెను.

మూడవది దెబ్బను ఆపు అద్దము. దీనిని మనము మిక్కిలి ఉపేక్షించితిమి. వరికోతలలో ఆకు అంచు కంటికి గీసికొనును. నూర్పిళ్లలో ఊక, పొట్టు ఎగిరి పడును. నల్లగ్రుడ్డుమీది చిన్నగీతలో మొక్కనుండి వచ్చిన బూజు ప్రవేశించి పుండు పెట్టును. అది మానినను తెల్లని మచ్చ మిగులును. మనవారు పువ్వు వేసినదందురు. ఆ సమయమున మందులషాపులో ఎరుపు తగ్గుటకని స్టెరాయిడు చుక్కలు కొని వేసికొనువారు కలరు. ఎరుపు తగ్గినట్లు తోచును, లోపల బూజు విజృంభించును. ఆకుపసరులు, ఆముదము, తల్లిపాలు వేయుటయు ఇట్టి హానియే.

చదువుకొనెడి అద్దము ఇట్టి పనులకు కవచము కాదు. ప్రక్కలనుండి పొట్టు దూరును, గట్టిదెబ్బకు అద్దమే పగిలి గ్రుచ్చుకొనవచ్చును. ప్రక్కరేకులుగల, ముఖమునకు ఆనుకొను రక్షణపు అద్దములు వేరే దొరకును, ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనుడు. నూర్పిడి, రాళ్లు కొట్టుట, సుత్తియుసాన పని, పురుగుమందు చల్లుట మొదలగు పనులయందు ఇవి తప్పనిసరి. వెల్డింగు పనివానికి ఇవి చాలవు. అతనికి ముఖమునంతయు కప్పు ముదురురంగు కవచము కావలెను. చోద్యము చూచుటకు ప్రక్కన నిలిచిన పిల్లలకును ఆ వెలుగు హానికరమే. ఒక కోతకాలపు కూలితో పోల్చిన రక్షణపు అద్దము ఖరీదు ఎంత? దానిని కూలివాడు కాక కూలి చేయించుకొనువాడు కొనియిచ్చుట ధర్మము.

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము జరుగవచ్చును. సున్నముగాని, పురుగుమందుగాని కంటబడినచో ఒక్క క్షణమైనను ఆలసింపరాదు. మొదటి మందు నీరే. రెప్పలు విప్పిపట్టి, శుభ్రమైన నీటిని ధారగా అరగంట తక్కువ కాకుండ పోయవలెను. సున్నపు తునకలు రెప్పల సందున నిలువకుండ చూడవలెను. పిదప వెంటనే వైద్యునియొద్దకు. తాంబూలపు సున్నపు పొట్లములను నొక్కి ఆడుకొను పిల్లల కన్నులలో సున్నము చిమ్మి గ్రుడ్డివారగుట వైద్యులు తరచు చెప్పు విషాదము. దానిని పిల్లల కందనిచోట ఉంచుడు. మామూలు నలుసు పడినచో నులుమక నీటితో కడుగుడు. నాలుకతోను, ఆకుకొసతోను తీయింపరాదు. ఇనుపముక్కయో ముల్లో కంటిలో గ్రుచ్చుకొన్నచో కడుగరాదు, లాగరాదు, నొక్కరాదు. కంటికి తగులకుండ చిన్న గిన్నెను బోర్లించినట్లు కట్టి ఆసుపత్రికి చేర్పవలెను.

తెలంగాణమున 2018 ఆగస్టు 15న కంటివెలుగు పేర ఉచిత పరీక్షలు మొదలై, 2023లో రెండవ విడత జరిగినది. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10న అట్టి కార్యక్రమమే ప్రారంభమైనది. మేలు జరిగినదనుటకు సందేహము లేదు. కాని శిబిరము వచ్చి పోవునది; కన్ను నిత్యము వెంటనుండునది. ప్రభుత్వ ఆసుపత్రులయందలి నేత్రవిభాగములును, హైదరాబాదున 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ వంటి వారు గ్రామసీమలలో నడపు దృష్టికేంద్రములును శిబిరము లేనినాడును పనిచేయుచున్నవి. మీకు చేరువనున్నది ఏదో కనుగొని, ఆ చిరునామాను పంచాయితీ గోడమీద వ్రాయింపుడు.

బడిపిల్లలను మరువకుడు. నల్లబల్ల కనబడక ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాయువానిని, కన్నులు చికిలించువానిని మందబుద్ధి యనకుడు. ముందు చూపు కొలిపింపుడు. బాలునికి హ్రస్వదృష్టి యున్నచో నెంబరు తగ్గించి అద్దమిచ్చుటవలన దోషము ఆగదు. సరియైన అద్దమును నిత్యము పెట్టనిండు. పగటివెలుగులో ఆరుబయట ఆటలాడనిండు; అట్లు ఆడు పిల్లలకు ఈ దోషము తక్కువగా వచ్చునని పరిశోధనలు చెప్పుచున్నవి. అద్దము పెట్టిన ఆడపిల్లకు పెండ్లి కాదను మాట పెద్దల నోట రాకుండుట మీ చేతిలోనిదే.

ఒక అట్టముక్క, ఒక సూది, ఒక తేదీల పటము ఏ యింటిలో లేవు? ఈ ఆదివారమున మీ యింటనున్న నలువదేండ్లు దాటినవారినందరిని ఒక్కొక్క కంటితో చూడుమని కోరుడు. ఎవనికి బెజ్జముగుండను తేటపడదో వాని పేరు వ్రాసికొనుడు. ఎవరింట నీటికాసులున్నవో, ఎవరికి మధుమేహమున్నదో వారి పేర్లును చేర్పుడు. ఆ పేర్లుగలవారికి అద్దములు కొనిపెట్టవలదు, బస్సు ఎక్కింపుడు.